కుట్లు విప్పిన చొక్కా

బూసాన్ చేపల బజారులో తెల్లారగట్ల నాలుగింటికి
పాము చేపల వీపులు చీల్చే చెయ్యి ఇది.
పద్దెనిమిదేళ్లలో ఒక్కసారే తప్పింది,
నువ్వు సియోల్ జట్టుకి సంతకం పెట్టావని
పక్క కొట్టు ప్యో ముసలాయన రేడియో చెప్పిన రోజు.
బొటనవేలికి మూడు కుట్లు.
నీకెంత ఇచ్చారో కూడా చెప్పారు,
సున్నాలు లెక్కపెట్టలేదు, రక్తం కారుతోంది.

ప్యో ఆ మధ్యాహ్నమే నీ బొమ్మ గోడ మీంచి చింపి
రొయ్యలకి పొట్లం కట్టాడు.
తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం, అన్నాడు.
నేనూ అన్నాను. అంతకన్నా పెద్ద మాటలే అన్నాను.
నోరున్న బజారు మాది,
ఉప్పుకీ తిట్టుకీ కొదవ లేదు.

ఇంటికొచ్చి నీ చొక్కా తీశాను.
కాల్చేద్దామనుకున్నాను. పాలియెస్టర్,
కంపు కొడితే పై వాటా వాళ్లు ఊరుకోరు.
సన్న కత్తితో వీపు మీది పేరు
ఒక్కో కుట్టే విప్పాను:
నామ్. గూంగ్. హ్వాన్.
ఏడో నంబరు వదిలేశాను, నంబరు చేసిన పాపమేముంది.
విప్పి దులిపి చూస్తే
ఆరేళ్ల ఎండకి చుట్టూ గుడ్డ వెలిసిపోయి
అక్షరాలున్న చోట మాత్రం కొన్ననాటి నీలం.
దారం ఉన్నప్పటికంటే
ఇప్పుడే బాగా చదవొస్తోంది నీ పేరు.

గుర్తుందా అని అడగను, నీకెందుకు గుర్తుంటుంది.
పదకొండో ఇన్నింగ్స్, సన్నటి చినుకులు,
చెత్తకని ఇచ్చిన నారింజ సంచుల్లో గాలి ఊది
నెత్తిన కట్టుకుని ఊరంతా నిలబడి ఉంది.
నువ్వు కొట్టిన బంతి దీపస్తంభం వెలుగులోంచి వంగి
నా ఒళ్లో, ఎండు స్క్విడ్ పొట్లంలో పడింది.
ఈ జన్మలో నాకు పైనుంచి ఏదైనా వచ్చిందంటే అదొక్కటే.
"ఆజురా! ఆజురా!" పిల్లలకిచ్చెయ్ అని
స్టాండంతా ఒకటే అరుపు. మా ఊళ్లో అది చట్టం.
పక్క వరసలో పసుపు రెయిన్‌కోటు పిల్ల,
ముందు పళ్లు రెండూ లేవు.
ఇచ్చేశాను. నవ్వుతూనే ఇచ్చాను.
మెట్రోలో దిగేదాకా
ఖాళీ గుప్పిట మూసుకునే కూర్చున్నాను.

ఈ ఏప్రిల్లో వచ్చావు.
ఆ రంగు నీకు నప్పలేదు.
(నప్పింది. అబద్ధమెందుకు.)
హెల్మెట్ తీసి మావైపు నడుం వంచి నిలబడ్డావు.
ఇరవై వేల నోళ్లు ఒక్కసారే "మా!" అన్నాయి.
ఏయ్, అని అర్థం మా యాసలో,
పరాయి పిచ్చర్ని బెదరగొట్టడానికి దాచుకున్న ఒకే ఒక్క అక్షరం.
నేనూ నోరు తెరిచాను.
అప్పుడే నువ్వు బరువు కుడికాలి మీదికి మార్చావు.
ఎడమ మోకాలు, అదే, పాతదే.
అక్కడ ఎవరైనా ఐస్ పెడుతున్నారా?
ఐస్‌కేం, మా దగ్గర రోజూ బండ్లకొద్దీ కరిగిపోతుంది.
అరుపు గొంతులోనే అడ్డం తిరిగి దగ్గయింది.
ప్యో మంచినీళ్లిచ్చాడు, నా మొహం చూడకుండా.

ఆ పూట నేను మొక్కుకున్నది:
నువ్వు రెండు కొట్టాలి, మేం మూడు కొట్టాలి.
నువ్వు ఒకటి కొట్టావు. మేం ఏమీ కొట్టలేదు.
బంతి గోడ దాటుతుంటే
లేచి నిలబడింది నేనొక్కదాన్నే మా వైపు.
కాళ్లు తిమ్మిరెక్కాయి, అన్నాను.

ఇంకేం లేదు.
వారానికోసారి ఆ చొక్కా ఉతుకుతాను,
చేపల నీచు పోవాలి కదా.
ఎండలో ఆరెయ్యడం మాత్రం మానేశాను.
వంటింటి తలుపు వెనక,
నీడలో,
ఆరడానికి రెండు రోజులు పడుతోంది.