ప్లాస్టర్ ముక్క

ముల్లు అక్కడే ఉంది.
మనవడు తిప్పేయకుండా
వెర్నా దాని మీద ప్లాస్టర్ ముక్క అంటించి పదేళ్లయింది.
సోమవారం పొద్దున ఆరింటికి
అదే ముల్లు దగ్గర
ఎవడో బాస్కెట్‌బాల్ స్కోర్లు అరుస్తున్నాడు.

చెప్పా పెట్టకుండా తీసేశారు.
"ఉంటాను మరి" అని కూడా అననివ్వలేదు డోరీన్‌ని,
కాగితం మిల్లు మూసిన రోజు
మాకు రావాల్సిన బాకీ
సెంటుతో సహా చదివి వినిపించిన మనిషిని.

శనివారం. సున్నాకి పదకొండు డిగ్రీలు కింద డులూత్.
సరస్సు మీంచి కోసుకొచ్చే గాలి.
బ్యాంకు మేడ ముందు నలభై మందిమి,
ఒక కుక్క.
అట్టల మీద రాతలు మంచుకి ఉబ్బి
'మా' ఒక్కటే మిగిలింది నా దాంట్లో.

స్కూలు బస్సు నడిపే ఎల్డన్‌కి మైకిచ్చారు.
ఏమనాలో తోచక,
"నేను... ఎల్డన్‌ని. పడమటి పేట నుంచి. బుధవారాలు ఫోన్ చేసేవాణ్ణి" అన్నాడు.

అందరం ఒక్కసారి తిరిగి చూశాం.
యూనియన్ గురించి ఆమెతో పేచీ పడే గొంతు!
మా వంటింట్లో అంట్ల మధ్య ఇన్నేళ్లు తిరిగిన గొంతు!
ఇంత పొట్టివాడనుకోలేదు.

"ఇన్సులిన్ ధర అడిగినావిడ మీరేనా?"
"మీ పిల్లి దొరికిందా చివరికి?"

మూడో అంతస్తులో తెర కదిలి, పడింది.
వినేవాళ్లు చాలరట, లెక్కల్లో.

వెర్నా రేడియో కారు మీద పెట్టి
గొంతు పూర్తిగా తగ్గించింది.
ఆపలేదు. డయల్ వెనక పసుపు దీపం వెలుగుతూనే ఉంది.
మైకు దగ్గర ఎల్డన్ ఇంకా వాదిస్తున్నాడు,
ఎదురు చెప్పే డోరీన్ లేక
మధ్యమధ్య ఆగుతూ.