గ్రేడింగు

పలాసలో జీడిపప్పు ఏరే చేతులివి.
చూపు పడితే చాలు,
నూట ఎనభై ఒక పక్కకి, రెండు వందల నలభై ఇంకో పక్కకి,
బద్ద, ముక్క, మచ్చ పడ్డది
వాటంతటవే విడిపోతాయి.

ఆ చూపుతోనే పొద్దున్నే
చాటలో పోసుకుని కూర్చుంటాను
కొబ్బరి పెంటికల్ని.

కొబ్బరి మా కుందేలు. మా హేమసుందరి పెట్టిన పేరు.
బాగున్న రోజున బఠాణీ గింజంత, గుండ్రంగా, పొడిగా,
విరిస్తే లోపల గడ్డిపీచు.
బాగోని రోజున మిరియాలంత.
ఇంకా బాగోకపోతే
వెంట్రుకకి గుచ్చిన పూసల్లా ఒకదాని వెనక ఒకటి.
ఆ తర్వాత ఉత్త చాట.

అప్పుడది మూలకి ముడుచుకుని
పళ్ళు నూరుతుంది.
చెవులు పట్టుకుంటే చల్లగా, మనవి కానట్టు.

మా ఆయన ఖగేశ్వరరావు తేమ అన్నాడు.
పక్కింటి మోహినమ్మ దిష్టి అంది,
ఉప్పూ మిరపకాయలూ తిప్పి పోసింది.
నేను ముందు క్యాబేజీ ఆకు మానిపించాను, ఒక వారం.
గోనె తీసి ఇసక పోశాను, ఒక వారం.
మంచు ఆరాకే గడ్డి కోశాను.
హేమ పాత లెక్కల నోటులో గీతలు గీసి
తేదీ, తిండి, పెంటిక, కారణం అని రాసుకున్నాను.
మూడు గడులు నిండేవి.

కాశీబుగ్గ పశువుల ఆసుపత్రిలో
కాంపౌండరు ఢిల్లేశు నోటు తిరగేసి
"అన్నీ ఆదివారాలే కదమ్మా" అన్నాడు.
పప్పు మీద సూదిమొనంత మచ్చ పట్టే కంటికి
ఏడో రోజు కనపడనే లేదు.

"ఇంట్లో ఎన్ని సేతులున్నాయి?"
"నలుగురం."
"మనుషుల్ని కాదు, సేతుల్నడిగాను."
సూది వేసి, పొట్ట ఎలా నిమరాలో చూపించి
ఆటో దాకా వచ్చి చెప్పాడు:
"కుందేలుకి కక్కడం రాదమ్మా.
మింగిందల్లా కడుపులో పెట్టుకోవాల్సిందే."

శనివారం బట్వాడా.
శనివారమే మా అత్త తవిటమ్మ
ముక్కపప్పు కూలికి తెచ్చి ఇంట్లో పొట్టు తీస్తుంది.
ఆ రాత్రి లైటు తీసేసి మెలకువగా పడుకున్నాను.

పంజరం తలుపు కిర్రుమంది.
కొంగుముడి విప్పితే చప్పుడుండదు, వాసనొచ్చింది,
కాల్చిన జీడి వాసన.
"తినీయే అమ్మీ. వారమంతా గడ్డేటి పెడతారు నీకు.
గడ్డొక తిండేటి."
ఒక్కో ముక్క. ఒక్కో ముక్క.
ఆ కొరుకుడు నిద్రపోతున్న పిల్ల ఊపిరి మీదుగా వినబడింది.

లేచి కేకెయ్యాలి. నోరు రాలేదు.
ఆ పేరు ఎందుకు పెట్టారో నాకు తెలుసు.
ముందు ముగ్గురు పోయారు.
నాలుగోదీ పోకుండా
నెత్తురుగుడ్డుని చాటెడు తౌడుకి అమ్మి
మళ్ళీ కొనుక్కున్నారు.
ఒక కరువేడు ఆ ఇల్లంతా గడ్డి ఉడకేసుకు తిన్నదట.
మామయ్య ఒకసారి చెప్పాడు.
ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు,
కడుపులోనే పెట్టుకుంది.

తెల్లారాక నోటు చూపించలేదు, ఆవిడకి చదువు రాదు.
చాట పెట్టాను. మిరియాలంత, తొమ్మిది.
ఏరడం నాకు నేర్పిందే ఆవిడ.
చాలాసేపు చూసింది.
"నానేనా?" అంది.
"జీడిలో నూనె కదత్తా. దాని పేగుకి గడ్డే అన్నం."
"గడ్డే అన్నం" అని తనలో తనే అనుకుంది,
ఎవరో తనతో అబద్ధమాడినట్టు.

ఇప్పుడు గరిక ఆవిడే కోస్తుంది.
డాబా మీద ఎండబెట్టి, మట్టి దులిపి
చేత్తోనే తినిపిస్తుంది. గంపలో పడెయ్యదు.
ఐదు ఆదివారాలు బఠాణీలే.

ఆరో ఆదివారం కొంచెం చిన్నవి.
పంజరం కింద ఎర్రటి పొట్టు, గోరంత.
ముందు రోజు హేమకి జ్వరం,
పొద్దుగూకినా మెతుకు ముట్టలేదు.

తేదీ రాశాను.
తిండి దగ్గర గడ్డి అని రాశాను.
పెంటిక సైజు రాశాను.
కారణం అన్న గడి
అలాగే వదిలేశాను.