ఇంకా పోతా ఉంది

గుంటూరులో ఆదివారం
కోడి కూస్తే తెల్లారదు.
మూడున్నరకి ఏటుకూరు రోడ్డు మలుపులో
డీసీఎం వెనక్కొస్తూ కీచుమంటే తెల్లారుద్ది.

పెట్టెలు దించుతాం.
పైపెట్టె రెట్ట కిందపెట్టె వీపుల మీద.
జాలీలోంచి బయటికొచ్చిన కాలు
లాగితే విరుగుద్ది, లోపలికి నెట్టాలి.
అది నాకు చెప్పింది నాగుల్ మీరా.

ముందు నీళ్లు పెట్టేవోడు.
కాసేపట్లో పోయేదానికి నీళ్లెందుకయ్యా అని
ఓనరు వీరరాఘవులు నవ్వేవోడు.
తూకం పెరగటానికని కొనేవాళ్ల అనుమానం.
మీరా ఎవరికీ బదులు చెప్పేవోడు కాదు.
పెరుగుడబ్బా మూత ముక్కుకాడ పెట్టి
మొదటి గుటక దిగిందాకా చూసేవోడు.

కత్తి వెనకింట్లో నూరేవోడు.
ఆ చప్పుడు దాని చెవిన పడకూడదంట.
ఒకదాని ముందు ఇంకోదాన్ని కొయ్యమాక.
కాళ్లు పట్టి ఊపమాక,
తలకిందులైతే పేగులన్నీ ఊపిరి మీద పడతయ్.
ఏ పుస్తకంలో చదివావు బాబాయ్ అంటే
"చేతిలో ఉంటే తెలవదంట్రా" అనేవోడు.

పెదాలు కదిలేయి, మాట బయటికొచ్చేది కాదు.
ఒక్కటే గీత.
తర్వాత
వదిలేసేవోడు కాదు.

మిగతా కొట్లలో నీలం డ్రమ్ము ఉంటది.
మీకూ తెలుసు ఆ డ్రమ్ము.
ఫోను చూసుకుంటా క్యూలో నిలబడి
లోపల దబదబమంటే
ఒకడుగు వెనక్కేసేది మీరే,
చొక్కా మీద చిందుద్దని.
ఆ చప్పుడు ఆగకముందే దాని మీద ఇంకోటి పడుద్ది.
ఒక్కోసారి ఆగకముందే వేణ్ణీళ్లలో పడుద్ది.
నేనే ఏశా. ఒకసారి కాదు.
మా కొట్లోనూ ఉంది డ్రమ్ము, నా వైపు.
నేనూ తింటా, ఆ మాట దాచను.

కార్తీకం ఎళ్లిన మొదటి ఆదివారం,
నెల్లాళ్లు నోరు కట్టుకున్న ఊరంతా ఒక్కసారే వచ్చింది.
క్యూ ట్రాన్స్‌ఫార్మరు దాటి ఇడ్లీబండి దాకా.
మీరా ఎడంచెయ్యి రెక్కల మీద అట్టాగే ఉంది.
స్కూటరు ఆపకుండానే ఒకాయన
"చచ్చింది గదయ్యా, ఇంకా పట్టుకున్నావేంది?"
మీరా తలెత్తలేదు.
"ఇంకా పోతా ఉంది సార్.
పోనీయండి."

జనమేం నోరు మూసుకోలేదు.
ఎవరో లివరు ఎక్కువెయ్యమన్నారు.
ఎవరో స్కిన్‌లెస్సని చెప్పాగా అన్నారు.
నేను మాత్రం ఊరికే లెక్కపెట్టా.
యాభై మూడు.
యాభై మూడంటే పెద్దదేం కాదు,
ఐదొందల నోటుకి చిల్లరిచ్చి
కవరు ముడేసేంత.

మీరాకి చెయ్యి వణుకు మొదలయ్యాక
తనే కత్తి తుడిచి నా ముందు పెట్టి ఎళ్లిపోయాడు.
వణికే చేత్తో కొయ్యటం తప్పన్నాడు.
జీతం బాకీ కూడా అడగలేదు.

ఇప్పుడు నేను నల్లపాడు అవతల పెద్ద షెడ్డులో.
కోళ్లు కాళ్లతో కొక్కేలకి వేలాడతా వస్తయ్,
కరెంటు నీళ్లలో తల మునిగి,
బ్లేడు దాటి.
నీళ్లు తగలకుండా మెడ పైకెత్తుకునేది ఒకటుంటది,
పొట్టిది, తెలివైంది.
దానికి బ్లేడూ తప్పుద్ది.
దాని కోసమే నేను, బ్లేడు తర్వాత, కత్తితో.

డాక్టరు హైమావతి గారు వచ్చి నేర్పారు:
కన్ను ముట్టుకోండి, రెప్ప కదిలితే తెలివున్నట్టే.
ఊపిరి చూడండి.
సంతకం పెట్టమన్నారు, పెట్టా.
బాబాయ్ దగ్గర సంతకాల్లేవు.

బెల్టు ఆపటానికి ఎర్రబటను ఉంది.
దాని పక్కనే నిమిషానికి ఎంత నష్టమో రాసుంది.
నిన్న నొక్కా.
కొక్కేలన్నీ ఊగి ఊగి నిలబడ్డయ్.
సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చి ఏమైందన్నాడు.
నోటికేం రాలేదు.
కత్తి పని అయిపోయింది,
చెయ్యి మాత్రం రెక్కల మీదే ఉంది,
లోపల లెక్క నడుస్తా ఉంది.

ఇరవై తొమ్మిది కాడ
బెల్టు మళ్లీ కదిలింది.