రివెట్ల మధ్య దూరం

ఆదివారం ఆరింటికి, టిక్కెట్టు కిటికీ తెరవక ముందే
బీచ్ రోడ్డు కటకటాల ఇవతల నిలబడతాం.
లోపల ఆ ముసలి రష్యా విమానం
ఉప్పుగాలికి ఒళ్ళప్పగించి ఉంటుంది.
మేం ఐదుగురం. ఒక్కోసారి ముగ్గురం.
మాలో ఎవరూ విమానం నడపలేదు.
నేనైతే ఎక్కనే లేదు,
మర్రిపాలెంలో కరెంటు మీటర్లు చదువుతాను.

మొదటిరోజు "అబ్బ, ఎంత పెద్దదో!" అన్నాను.
సన్యాసిరావు గారు నవ్వలేదు.
నేవీలో ఇరవై రెండేళ్ళు రెక్కల కింద
వెల్లకిలా పడుకుని పనిచేసిన మనిషి.
"పెద్దదంటే ఎంత? అడుగులేసి రా."
డెబ్బై మూడు, చెప్పాను.
"మళ్ళీ వెయ్యి."
డెబ్బై ఒకటి.
"ఇప్పుడు నీకు విమానం సంగతి కాదు,
నీ అడుగు సంగతి తెలిసింది."

షిప్‌యార్డులో నక్షాలు గీసే రెహనా
బూడిదరంగంటే ఒప్పుకోదు.
పొయ్యిలో బూడిదా? వానకు తడిసిన బూడిదా?
గార్డుగా రిటైరైన డెన్జిల్ ఆమెతో రంగు దగ్గర తగువుపడి
రెండు వారాలు రాలేదు.
మూడోవారం ఫ్లాస్కు నిండా టీతో వచ్చి
ఇంజను ముక్కు చూపించాడు:
"ఒకే ఇరుసు మీద రెండు పంకాలు,
ఎదురెదురు తిరుగుతాయి.
అయినా లాగేది ముందుకే కదమ్మా."
రెహనా టీ తాగింది. రంగు మాత్రం మార్చుకోలేదు.

ఈ జబ్బు ఇంటికీ వచ్చింది.
కూరలో ఉప్పెక్కువైందంది మా ఆవిడ.
"ఎంత ఎక్కువ?" అన్నాను.
గరిటె కింద పెట్టి నన్ను చూసిన చూపుకి
కొలత లేదు.

తర్వాత, జాలారిపేట నుంచి మైలపల్లి ఎల్లాజీ
గోనెసంచిలో ఒక రేకు తెచ్చాడు.
పదకొండేళ్ళ కిందట వలకు తగిలిందట.
అప్పట్నుంచీ వాళ్ళ పొయ్యికి గాలి అడ్డు.
ఒక పక్క మసి. ఒక పక్క గుల్లలు రాలిన మచ్చలు.
అంచున వరసగా రివెట్లు.

"జపాన్ వాళ్ళ విమానం!" అని అరిచాను.
"హార్బరు మీద బాంబులేసిందే, మా నాయనమ్మ చూసింది!"

ఎవరూ నా వైపు తిరగలేదు.
రెహనా స్కేలు పెట్టి రివెట్ల మధ్య దూరం కొలుస్తోంది.
సన్యాసిరావు గారు రేకు మీంచి తలెత్తకుండా అడిగారు:
"చూసిందా? చూశానని చెప్పిందా?
చెప్పిందని నువ్వనుకున్నావా?"

మూడు ప్రశ్నలు. బస్సులో ఇంటిదాకా నాతోనే వచ్చాయి.

నాయనమ్మకి తొంభై దాటాయి.
ఆ కథ చెప్తే చెయ్యి ఇలా గాల్లో తిప్పుతుంది,
ఆ చేతినే మేం ఇన్నాళ్ళూ విమానం అనుకున్నాం.
పక్కన కూర్చుని, పుస్తకం తెరిచి,
మీటరు అంకెలు రాసుకునే పెన్నుతో అడిగాను:
ఎటు నుంచొచ్చింది? ఎన్ని? ఎంత ఎత్తున?

చాలాసేపు ఏమీ అనలేదు.
"ఇమానం నాను సూణ్ణేదురా.
మంచం కింద తోసీసినారు నన్ను.
మాయమ్మ కాళ్ళు సూసినాను.
ఒక కాలికే కడియం ఉంది.
రెండోది తీసి కొంగున కడతంది,
ఊరొగ్గీసి పోదుమని.
చప్పుడైతే అలాగే ఉండిపోనాది."

ఇన్నేళ్ళలో ఈ మాట ఎవరికీ చెప్పలేదేం అంటే,
"ఎవలడిగినారు?
మీకు ఇమానమే కావాలి గదా" అంది.

రేకు ఏ విమానానిదో ఏడు నెలలైనా తేలలేదు.
విమానానిదేనా అన్నదీ తేలలేదు.
బస్సు పక్కరేకు కావచ్చంటాడు డెన్జిల్.
మంచి గాలి అడ్డు, అంతవరకు ఖాయం,
అని ఎల్లాజీ దాన్ని మళ్ళీ పొయ్యి దగ్గరికే పట్టుకుపోయాడు.

మా పుస్తకంలో ఆ పేజీ సన్యాసిరావు గారి దస్తూరీ:
రేకు. తెలియలేదు.
దాని కింద, నాకు చెప్పకుండానే రాశారు:
కళ్ళారా చూసినది, ఒక కాలు. కడియంతో.
ఒక కాలు, లేకుండా.