ఒంటిది, జంటది

మా తీరంలో రాయి లేదు. అంతా ఇసుక.
జువ్వలదిన్నెలో హార్బరు కట్టేటప్పుడు
ఏ కొండల్నో లారీలు మోసుకొచ్చి సముద్రంలో పోశాయి.
మూడో ఏటికల్లా ఆ రాళ్లకి
ఈ ఆకు పట్టింది:
క్యారీ బ్యాగంత పల్చన,
రెండే పొరల కణాలు,
వేరు లేదు, పువ్వు లేదు, జారుడు ఒక్కటే.

సీసాలు పట్టుకుని వంగి ఏరుతుంటే
మస్తానమ్మ ఎండుచేపల తట్ట దించి అడిగింది:
"ఏంది మేడమ్ ఆ పాచి, కూరొండుతారా?"

చెరో చేతిలో ఒకటి పట్టి చూపించాను.
అదే పొడుగు, అవే ముడతలు.
"వీటిలో ఒకటి తల్లి కావచ్చు, ఒకటి బిడ్డ.
ఒంటిది జంటదాన్ని కంటుంది,
జంటది మళ్లీ ఒంటిదాన్ని.
క్రోమోజోములు లెక్కపెడితే తప్ప తేడా లేదు."

"ఏది ఏదో మీకెట్టా తెలిసింది?"

తెలీలేదు.

కావలిలో అద్దెగది. తెల్లారి కిటికీ తీస్తే
రెండు సీసాల్లోనూ ఆకుల అంచులు తెల్లబోయి ఉన్నాయి.
ఒకదాంట్లోవి రెండేసి తోకలవి,
వెలుగు మీద ఆశతో
కిటికీ వైపు అద్దానికి గుంపుకట్టాయి.
రెండోదాంట్లోవి నాలుగేసి తోకలవి,
ఎండ గిట్టక చీకటి మూలకి దిగాయి.

రెండు తోకల నీళ్లలో
వేరే రాయి మీది ఆకు నీళ్లు ఒక చుక్క కలిపాను.
మైక్రోస్కోపు కింద పెనుగులాట, తోకల చిక్కు,
రెండూ రెండూ నాలుగయ్యాయి.
అయిన మరుక్షణం
అంతసేపూ వెంటపడిన వెలుగుకి వీపు తిప్పి
అడుగుకి, రాయి ఉంటుందనుకున్న చోటికి.

ఒక్కోటీ సగం తాళంచెవితో పుడుతుందంటారు.
సగాలు అతుక్కుంటేనే జంట బతుకు తెరుచుకుంటుంది.
ఆ తాళంచెవి నేల మీదికీ వచ్చింది.
మా బాత్రూము గోడ మీది నాచులో
ఒంటిదే ఇల్లు;
జంటది దాని భుజమెక్కి అన్నం తినే పిల్ల.

ఇక వరి.
కాలవ అవతల, మస్తానమ్మ చెల్లెలు కౌలుకి చేసే మడి ఈనింది.
పది దాటాక పొట్టు నోరు తెరిచింది,
పుప్పొడి గంధంలా రాలింది.
రేణువుకి మూడు కణాలు.
ఒంటి తరంలో మగవాటా మొత్తం అంతే,
గాలి కరుణిస్తే ఓ అయిదు నిమిషాల ఆయుష్షు.
అలతో సమానంగా కొట్లాడే ఆకుకి
దూరపు చుట్టం, ఇక్కడ
ఎవరి కంటా పడకుండా వచ్చి వెళ్లిపోతోంది.
మనం మాత్రం జంటదాన్నే చూసి
చేను అంటాం, పొట్ట మీదుంది అంటాం,
పాలు పోసుకుంది అంటాం.

మర్నాడు ఇదంతా మస్తానమ్మకి చెప్పాను.
తాళంచెవి దగ్గర ఆపింది.
రేషను కార్డులో తనొక్క పేరే ఉన్న మనిషి.
"మరి జత దొరకందానికో?"

"దొరక్కపోతే అదొక్కటే రాయి పట్టుకుంటుంది.
మొలుస్తుంది.
అదే పొడుగు, అవే ముడతలు."

"ఆ ముక్క నిన్ననే చెప్పాల్సింది గదా మేడమ్"
అని నవ్వి, చుట్టకుదురు సర్దుకుని
తట్ట ఎత్తమంది. ఎత్తాను.
సావిడాయల వాసన చేతుల్నిండా.

అల వెనక్కి లాగినప్పుడు
ఇంకో ఆకు కోసి సీసాలో వేశాను.
లేబులు మీద తేదీ రాశాను, ఊరు రాశాను.
ఒంటిదా, జంటదా అన్న చోట
ఖాళీ వదిలాను.