కీలెరిగి

పిల్లలకు నేను మొదట చెప్పేది పట్టు గురించి కాదు,
వదలడం గురించి.

రుమోయిలో నవంబరు వస్తే నాలుగింటికే చీకటి.
కిరసనాయిలు పొయ్యి అంటించి
తతామి చాపల మీద ఎనిమిది మందిని కూర్చోబెట్టి
నా కుడిచెయ్యి చాపి చూపిస్తాను:
ఇది మణికట్టు, మెలితిప్పకూడదు.
ఇవి వేళ్లు, విడదీసి వంచకూడదు.
భుజం, మెడ, వెన్ను, వాటి జోలికి పోవద్దు.
మోకాలు, చీలమండ, కలలో కూడా వద్దు.
ఇదిగో, ఇది మోచేయి.
జూడోలో తాళం వేయనిచ్చేది ఈ ఒక్క కీలుకే.
అదీ ఇప్పుడు కాదు, మీకు పదిహేనేళ్లు నిండాక.

ఎందుకు ఒక్కదానికే, అంది సుజునె,
ముందుపళ్లు ఊడిన పిల్ల.

నేనూ అడిగాను ఆ మాట
కుమగాయి హత్సుయే గారిని.
పగలంతా ముందుగదిలో ఊడిన కీళ్లు కూర్చేది,
రాత్రి వెనక హాల్లో
అవే కీళ్లను ఎలా బంధించాలో నేర్పేది.
ఆమె చేతులకు ఎప్పుడూ కర్పూర తైలం వాసన.
"మోకాలు మూగది," అంది.
"తెగాక గానీ చెప్పదు.
మోచేయి వసపిట్ట,
విరగబోతున్నానని ముందే అరుస్తుంది.
ఆ అరుపుకీ విరగడానికీ మధ్య
ఒక్క ఊపిరి వ్యవధి.
అంత ఇరుకు జాగాలోనే అమ్మాయ్, మనం ఆడేది."

నాకప్పుడు పంతొమ్మిది.
అసాహికావాలో ఫైనలు.
తొగాషి ఒరియె వెల్లకిలా,
ఆమె చెయ్యి నా తొడల మధ్య,
బొటనవేలు పైకప్పు వైపు,
ఇక నడుమెత్తడమే తరువాయి.
అంతా నిబంధన ప్రకారమే.
నిలబడి చంకలో చెయ్యి ఇరికించి
ఒంటి బరువంతా పడేయలేదు, అది నేరం.
కాళ్లు మెలేయలేదు.
పుస్తకంలో బొమ్మలా ఉందని తర్వాత అందరూ అన్నారు.

ఒకసారి తట్టింది
నా పిక్క మీద,
తడి ఆకు రాలినంత మెత్తగా.
రెండుసార్లు తట్టాలి కదా.
రెండోదాని కోసం ఆగాను.
ఆగాను అంటే,
నడుం ఆగలేదు.

పచ్చి ముల్లంగి విరిచిన చప్పుడు.
రెఫరీ చెయ్యి నా వైపు లేచింది.
నేను వంగి నమస్కరించాను,
అదీ నిబంధన ప్రకారమే.

తిరుగు రైల్లో హత్సుయే గారు
కిటికీలో నా నీడను చూస్తూ అడిగింది:
"తట్టిందా?"
"లేదు."
మళ్లీ అడగలేదు.
మర్నాడు ముందుగది తాళంచెవి నా చేతిలో పెట్టి
"కట్టు కట్టడం నేర్చుకో," అంది.
మూడేళ్లు కట్టాను
జాలర్ల మణికట్లు, ముసలమ్మల తుంట్లు,
మంచుమీద జారిన పోస్టుమాన్ భుజం.
కీలెరిగి వాత పెట్టమంటారు.
కీలు నాకు బాగానే తెలుసు,
వాత ఎక్కడ ఆగాలో
ఆ రోజు తట్టలేదు.

ఒరియెకి రేవు పక్కన చేపల దుకాణం.
ఇరవై రెండేళ్లుగా ఆ కుడిచెయ్యి
పూర్తిగా చాచుకోదు.
చిల్లర ఇస్తుంటే
నా అరచేతికి బెత్తెడు దూరంలో ఆగిపోతుంది.
ఆ బెత్తెడు నేనే వంగాలి.
ఒంటరిదాన్ని,
నలుగురు తినేంత హెర్రింగ్ గుడ్లు కొంటాను.
వాతావరణం మాట్లాడతాం, డీజిలు ధర మాట్లాడతాం.

పోయిన వారం కాగితం మడుస్తూ,
తలెత్తకుండా అడిగింది:
"మీ పిల్లలకి ఎన్నిసార్లు తట్టమని చెబుతావు?"

గొంతులో ముల్లు దిగినట్టయింది.
"ఒక్కసారి," అన్నాను.
"ఒక్కసారి చాలు.
వేలు కదిలినా చాలు,
అనుమానం వచ్చినా వదిలేయమంటాను."

బయట సముద్రం మీద ఏదో పడవ
ఇంజను అందుకోలేక దగ్గుతోంది.
ఆమె పొట్లానికి దారం చుట్టి
కొస పంటితో తెంపి
చిల్లర చాపింది.
ఎప్పట్లాగే ఆగింది చెయ్యి.

నేను వంగాను.