ఎండ చూడని చోటు

ఉబేదా ఆరోగ్య కేంద్రం, మంగళవారం,
ఖాళీ కడుపుల వరస.
రెమెడియోస్ స్వెటర్ చేయి పైకి లాగింది.
మోచేతి దాకా ఎండ రంగు,
ఆపైన గీత గీసినట్టు తెలుపు.
చలికాలాలు ఆలివ్ కొమ్మలు దులిపి,
వేసవులు పుచ్చకాయలు మోసిన చేయి.

రబ్బరు పట్టీ బిగించాను.
"గుప్పిట మూయండి."
ముంజేతి మీద నరాలు లేచాయి,
లోపల్నుంచి ఎవరో తాళ్లు లాగినట్టు.
ఆ గోధుమరంగులో అవి నీలంగా లేవు,
ఉబ్బుగా ఉన్నాయంతే. వేలితో చదవాలి.
నీలం పైనుంది, చొక్కా దాచిన తెలుపులో.

"మా అమ్మమ్మ మార్కీసు గారింట్లో బట్టలుతికేది," అంది.
"దొరసాని మణికట్టు తిప్పి చూపించేదట,
ఇదిగో, మా రక్తం నీలం అని."
"మరి మీ అమ్మమ్మ?"
"నురగలోంచి చేయి తీసి చూసుకుంది. ఏమీ లేదు.
రాత్రి దీపం దగ్గర చొక్కా భుజం దాకా మడిచింది.
ఉందట.
నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు."

చదువుకున్నది చెప్పబోయాను:
ఆ నీలం రక్తానిది కాదు, వెలుగుది.
ఎరుపు లోతుకు దిగి అక్కడే ఇంకిపోతుంది,
నీలం గడప దాకా వచ్చి వెనక్కి తిరుగుతుంది,
మనం చూసేది ఆ తిరుగు టపా.
వయసు మీద పడితే చర్మం ఉల్లిపొర,
సున్నం రాలిన గోడలో గొట్టాల్లా అన్నీ బయటపడతాయి.
చలికి దాక్కుంటాయి, వేడికి తేలతాయి,
బరువులు మోస్తే మరీ పైకొస్తాయి.
అదేమీ జబ్బు కాదు.
ఎప్పుడైనా జబ్బే. అందుకే ఈ సీసాలు.

ఏమీ చెప్పలేదు. సూది పెట్టాను.
నరం పక్కకు జారింది.
"తప్పించుకుంది," అన్నాను.
"పోనీలే, ఈ చేయి పని తప్పించుకోవడం
ఇదే మొదలు."

రెండోసారికి దొరికింది.
గొట్టంలోకి వచ్చింది నీలం కాదు,
ఎరుపని కూడా గట్టిగా అనలేను.
డిసెంబరు ఆఖర్న రాలిన ఆలివ్ పండు
చెప్పు కింద నలిగితే అంటే రంగు.
కిటికీ వైపు పెట్టి చూపించమంది.
"దొరసానిదీ ఇంతేనా?"
"ఇంతే."
దూది నొక్కిపట్టుకుని కాసేపు కూర్చుంది.
"ముసల్దానికి ఎవరైనా చెప్పాల్సింది."

ఆమె వెళ్లాక గ్లవ్ కిందికి జరిపి
నా మణికట్టు చూసుకున్నాను.
ఇరవై ఏళ్లుగా ట్యూబులైటు కిందే నా పగళ్లు.
నీలంగా, సన్నగా, కొమ్మలు కొమ్మలుగా,
అచ్చం దొరసానిదే.
వేళ్లు మాత్రం సబ్బుకి పగిలి ఉన్నాయి.

తర్వాతి పేరు పిలిచాను.